ఫోర్ట్ బోవీ: మైలున్నర నడిస్తేగాని కనిపించని కోట

అరిజోనాకు వచ్చిన తెలుగువారి విహారయాత్ర సాధారణంగా గ్రాండ్ కాన్యన్, సెడోనాలతో ముగిసిపోతుంది. ఆగ్నేయ మూలన, బోవీ అనే చిన్న ఊరికి 13 మైళ్ళ దక్షిణాన, అపాచీ కనుమలో ఉన్న ఫోర్ట్ బోవీ జాతీయ చారిత్రక స్థలాన్ని చూసినవారు మా పరిచయస్తులలో ఒక్కరూ లేరు. ప్రవేశ రుసుము లేదు. కోట అనగానే గోల్కొండను ఊహించుకుని వెళితే మాత్రం నిరాశ తప్పదు. 1894లో సైన్యం వదిలి వెళ్ళిన తరువాత ఎండకూ వానకూ కరగగా మిగిలిన మొండిగోడలే అక్కడ ఉన్నాయి.

కారు నిలిపే చోటు నుంచి ఆ శిథిలాల వరకు మైలున్నర కాలిబాట. నా దృష్టిలో ఈ స్థలం గొప్పతనమంతా ఆ నడకలోనే ఉంది, ఎందుకంటే జరిగిన కథ దాదాపు జరిగిన వరుసలోనే దారిపొడవునా ఎదురవుతుంది.

ముందుగా బటర్‌ఫీల్డ్ అనే టపా సంస్థ గుర్రపుబండ్ల మజిలీ పునాదులు వస్తాయి. 1861 జనవరిలో సొనోయిటా వాగు ఒడ్డున ఉన్న జాన్ వార్డ్ పశువుల క్షేత్రంపై ఈ ప్రాంతపు ఆదివాసులైన అపాచీలు దాడి చేసి, పశువులతో పాటు అతని భార్య కొడుకైన ఫెలిక్స్‌ను ఎత్తుకుపోయారు. బాలుణ్ణి విడిపించడానికి వచ్చిన లెఫ్టినెంట్ జార్జ్ బాస్కమ్, ఈ మజిలీ సమీపంలో అపాచీలలో చిరికావా శాఖ నాయకుడైన కొచీస్‌ను తన గుడారానికి పిలిపించి నేరం మోపాడు. ఆ పని తన వారిది కాదనీ, బాలుణ్ణి తెప్పించడానికి సాయపడతాననీ కొచీస్ చెప్పినా వినలేదు. కొచీస్ గుడారం గుడ్డను కత్తితో చీల్చుకుని తప్పించుకున్నాడు కాని, వెంట వచ్చిన తమ్ముడు, మేనల్లుళ్ళు, భార్య, పిల్లలు సైనికుల చేతిలో చిక్కారు. మన కౌబాయ్ సినిమాలు చూసి పెరిగినవారికి బందీగా ఉన్న స్త్రీ అంటే అపాచీల గుడిసెలో ఏడుస్తున్న తెల్ల యువతే గుర్తుకు వస్తుంది. ఈ కనుమలో బందీ అయిన స్త్రీ కొచీస్ భార్య. ఆమెను, పిల్లలను తరువాత విడిచిపెట్టారు. అప్పటికే కొచీస్, తన వారిని విడిపించుకోవడానికి తాను పట్టుకున్న బందీలను చంపించగా, సైన్యం అతని తమ్ముడితో సహా ఆరుగురు అపాచీ పురుషులను ఉరితీసింది. ఆ తరువాతి యుద్ధం 1872 వరకు ఆగలేదు. ఫెలిక్స్ మాత్రం వేరే అపాచీ తెగ మధ్య పెరిగి, మిక్కీ ఫ్రీ అనే పేరుతో అదే సైన్యానికి దారిచూపేవాడయ్యాడు.

కొంత ముందుకు సాగితే శ్మశానం. అందులో, తరువాతి కాలంలో సైన్యంతో పోరాడిన అపాచీ నాయకుడు జెరోనిమో కుమారుడైన రెండేళ్ళ పసివాడి సమాధి ముందు నేను ఎక్కువసేపు నిలబడిపోయాను. అపాచీ అంటే మోటారు సైకిలు, యుద్ధ హెలికాప్టరు అని మాత్రమే తెలిసిన మా అబ్బాయి కూడా అక్కడ మాట్లాడలేదు. ఆ పైన సన్నగా పారే ఊట ఉంది. ఎడారిలో ఇంత నీటి కోసమే 1862 జులైలో సైన్యానికీ అపాచీలకూ పోరు జరిగిందనీ, దాని కాపలాకే కోట వెలిసిందనీ ఆ ఊటను చూశాకే నాకు పూర్తిగా అర్థమయింది. చివరగా వచ్చే కవాతు మైదానం నుంచే 1886 సెప్టెంబరులో లొంగిపోయిన జెరోనిమోను, కొచీస్ కుమారుడు నైచేను, వారి వెంట ఉన్న స్త్రీలను, పిల్లలను ఫ్లోరిడా రైలు ఎక్కించడానికి తరలించారు.

వేసవిలో వెళ్ళకపోవడం మంచిది. నీడ తక్కువ, త్రాచుల వంటి విషసర్పాలైన గిలకపాములూ ఉంటాయి. మేము ఇద్దరికి ఒక్క సీసా నీళ్ళు తీసుకువెళ్ళడం మా తెలివితక్కువతనం. తిరుగు ప్రయాణానికి కొండ మీది బాట ఎంచుకుంటే కాస్త ఎక్కవలసి వస్తుంది కాని, కోట మొత్తం రూపురేఖలు కనిపించేది పైనుంచే.