‘నదిలో ఈత’ ప్యాకేజీ కొనేముందు ఇది చదవండి: బెర్న్‌లో మాకు జరిగింది

వేసవి సెలవులకి స్విట్జర్లాండ్ వెళ్తూ, బెర్న్‌లో ఆరె నదిలో ఈత కొట్టించే ప్యాకేజీ ఆన్‌లైన్‌లో బుక్ చేద్దామనుకుంటున్నారా? డబ్బు కట్టేముందు కాస్త ఆగండి. మాకు అమ్మినవాళ్ల పేజీలో ‘ఈత అంతంతమాత్రంగా వచ్చినా పర్వాలేదు, మా గైడ్ పక్కనే ఉంటాడు’ అని రాసుంది. ఆ నదికి ఆ మాట అస్సలు సరిపోదు.

ఆరె చూడ్డానికి ఎంత అందమో, అంత జోరుగా పారుతుంది. ఆల్ప్స్‌లో మంచు కరిగిన నీరు తూన్ సరస్సు మీదుగా వస్తుంది కాబట్టి, పైన ఎండ మండిపోతున్నా నీళ్లు చల్లగానే ఉంటాయి. అక్కడివాళ్లు ఎగువన ఐక్‌హోల్ట్స్ దగ్గర దిగి, ప్రవాహంతో పాటు మార్జీలి అనే స్నానఘట్టం దాకా వచ్చి, ఒడ్డున మెట్లకున్న ఎర్ర కమ్మీ పట్టుకుని పైకెక్కుతారు. అసలు నేర్పంతా ఆ కమ్మీ అందుకోవడంలోనే ఉంది. చాలా ముందునుంచే ఒడ్డుకి జరిగిపోవాలి. కమ్మీ ఎదురుగా వచ్చాక ఈదుదామంటే అప్పటికే దాటిపోతాం. ఆఖరి మెట్లు కూడా దాటిపోతే, దిగువన ష్వెల్లెన్‌మేట్టెలి దగ్గర ఆనకట్ట ఉంది. దాని కింద తిరిగే నీళ్లలో చిక్కుకుంటే గజ ఈతగాళ్లకైనా బయటపడటం కష్టం.

ఇందులో ఒక్క ముక్క కూడా గైడ్ మాకు చెప్పలేదు. అంతమందికీ అతనొక్కడే. ఎవరికి ఎంత ఈత వచ్చో అడగలేదు. గాలి ఊదే నారింజ రంగు ఫ్లోట్ ఒకటి నడుముకి కట్టి, ‘ఇదే మీ లైఫ్ జాకెట్’ అన్నాడు. అది లైఫ్ జాకెట్ కానే కాదు, మనిషి దూరానికి కనపడటానికి కట్టుకునేది. మా చెల్లి ఫ్లోట్‌కి మూత దగ్గర గాలి బుస్సుమని పోతోంది. చూపిస్తే వేలితో నొక్కి, ఏం కాదన్నాడు. దిగీ దిగగానే ఆ చలికి చెల్లికి ఊపిరి అందలేదు. గైడ్ ముందుకి వెళ్లిపోయాడు. మొదటి కమ్మీ తన చేతికి అందలేదు. తర్వాతి మెట్ల మీద ఉన్న ఒకాయన నడుములోతు దిగి, జబ్బ పట్టుకుని లాగాడు. ఆయనెవరో తెలీదు, చెల్లి మాత్రం ఆయన వల్లే బతికింది.

డబ్బు వెనక్కివ్వమంటే, ‘ప్రకృతి వల్ల జరిగేవాటికి మాది బాధ్యత కాదు’ అని షరతులు చూపించారు. ఆ షరతుల లింకు డబ్బు కట్టాక వచ్చిన టికెట్లో ఉంది! ఇంకో సంగతి, మార్జీలి స్నానఘట్టానికి ప్రవేశం ఉచితం, నదిలో దిగడానికీ ఎవరికీ ఏమీ కట్టక్కర్లేదు. అంటే మనం కట్టేది కేవలం రక్షణ కోసం. వాళ్ల దగ్గర లేనిదే అది.

గాలి ఊదిన వస్తువుల్ని నమ్ముకుని లోతు నీళ్లలోకి వెళ్లొద్దని స్విస్ లైఫ్ సేవింగ్ సొసైటీ నియమాల్లోనే ఉంది. కాబట్టి ఏ దేశంలో కొన్నా ముందే అడగండి: ఒక గైడ్‌కి ఎంతమంది? అతనికి లైఫ్‌గార్డ్ శిక్షణ ఉందా? ఎక్కడ బయటికి రావాలి, అది తప్పితే తర్వాతేంటి? ఎగువన వాన పడి నీళ్లు బురదగా మారితే రద్దు చేసి డబ్బిస్తారా? జవాబు నీళ్లు నమిలినట్టుంటే వదిలేయండి.

సముద్రం ప్యాకేజీలైతే లైఫ్‌గార్డులుండే బీచ్‌కే తీసుకెళ్తారా అని అడగండి. ఎరుపు-పసుపు జెండాల మధ్యే ఈదాలి, ఎర్ర జెండా ఎగిరితే ఎవరు రమ్మన్నా దిగొద్దు. లోపలికి లాగే ప్రవాహంలో పడితే దానికి ఎదురీదకుండా, ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈదాలి. చన్నీళ్లకి ఊపిరి ఎగబీలిస్తే కంగారుగా చేతులు కొట్టకుండా వెల్లకిలా తేలండి. ఒకట్రెండు నిమిషాల్లో ఊపిరి సర్దుకుంటుంది. యూరప్‌లో ఎమర్జెన్సీ నంబరు 112.

ఇప్పటికే డబ్బు కట్టేసినవాళ్లు ఆ పేజీని ఈరోజే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. మేం ఫిర్యాదు చేశాక ‘ఈత అంతంతమాత్రంగా వచ్చినా’ అన్న వాక్యం అక్కడినుంచి మాయమైంది. మా దగ్గరున్న స్క్రీన్‌షాట్‌తోనే డబ్బు వెనక్కి ఇప్పించమని కార్డు బ్యాంకులో డిస్ప్యూట్ (ఫిర్యాదు) వేశాం.