నడుము నొప్పికి ‘డీకంప్రెషన్ ప్యాకేజీ’ కట్టబోతున్నారా? ఒక్క నిమిషం ఆగండి

కోపం ఇంకా దిగలేదు, అక్కడక్కడా మాట తూలితే ఏమీ అనుకోకండి. సెంటర్ పేరు రాయను. ఫోన్ తెరవగానే వెన్నుపూస బొమ్మ గిరగిరా తిరుగుతూ "ఎల్4-ఎల్5 గ్యాప్, ఆపరేషన్ లేకుండా" అని వస్తుందే, ఆ బాపతే. మా బావకి 42 ఏళ్లు. ఎడమ కాలు లాగుడు, ఎంఆర్‌ఐలో ఎల్4-ఎల్5 డిస్క్ బల్జ్, అంటే నడుములో నాలుగు, ఐదు పూసల మధ్య ఉండే మెత్తటి దిండు ఉబ్బడం. మెషీన్ మీద పడుకోబెట్టి నడుము లాగే ఈ ‘డీకంప్రెషన్’ 20 సిట్టింగులకి 48,000, మొత్తం ముందే. కట్టింది నా యూపీఐ నుంచే.

నిన్న కౌంటర్ దగ్గర జరిగింది ఇది. తొమ్మిది సిట్టింగులయ్యాయి, బొటనవేలు పైకి లేవట్లేదు, నడుస్తుంటే చెప్పు జారిపోతోంది, న్యూరోసర్జన్ వెంటనే ఆపమన్నారు, మిగతా పదకొండింటి డబ్బు ఇవ్వండి అన్నాం. ఆ అమ్మాయి వేలి సంగతి అడగనే లేదు. క్యాలిక్యులేటర్ తీసింది. "సర్, మీకిచ్చింది ఆఫర్ రేటు. మధ్యలో ఆపేస్తే ఒరిజినల్ రేటు పడుతుంది. సిట్టింగ్‌కి 5,000. తొమ్మిదికి 45,000. రిజిస్ట్రేషన్ 1,000. బెల్టు 3,500. మీరే ఇంకో 1,500 ఇవ్వాలి సర్."

మర్యాదకి మాత్రం లోటు లేదు, మాట మాటకీ సర్.

వెనక కూర్చున్న ‘స్పైన్ ఎక్స్‌పర్ట్’ గారు తలెత్తి, "అది హీలింగ్ స్టేజి, నరం ఓపెన్ అవుతోంది, కంటిన్యూ చేయమనండి" అని మళ్లీ ఫోన్‌లో మునిగిపోయాడు. నరం ఓపెన్ అవడమేంటి నాయనా! ఎల్4-ఎల్5 డిస్క్ వెనక్కి, పక్కకి ఉబ్బితే సాధారణంగా నొక్కుకునేది ఎల్5 నరం. బొటనవేలిని పైకెత్తేది ఆ నరమే. వేలి బలం పడిపోతోందంటే నరం దెబ్బతింటోందని అర్థం. పైగా "నొప్పి తగ్గింది కదా సర్" అంటాడు. నొప్పి తగ్గుతూ బలం కూడా తగ్గుతుంటే అది శుభవార్త కాదు, సర్జన్ దగ్గరికి పరుగెత్తాల్సిన సమయం. తొమ్మిది రోజుల్లో ఒక్కరోజైనా మోకాలి మీద సుత్తితో కొట్టి చూశారా, వెల్లకిలా పడుకోబెట్టి కాలెత్తి చూశారా, వేలిని నొక్కిపట్టి "పైకి లేపండి" అన్నారా? లేదు. రాగానే ఛాతీకో పట్టీ, నడుముకో పట్టీ, స్క్రీన్ మీద రంగుల గ్రాఫు, అరగంట, బయటికి.

అసలా మెషీన్ ఏంటో చెప్తాను. అది పాత ట్రాక్షనే. బల్ల రెండు ముక్కలుగా ఉంటుంది, కింది ముక్క వెనక్కి జరుగుతుంది, కంప్యూటర్ ఆ లాగుడుని పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. మామూలుగా ఒంటి బరువులో పావు వంతు నుంచి సగం దాకా బలంతో లాగుతారు. లాగినంతసేపు పూసల మధ్య కాస్త ఎడం వచ్చే మాట నిజమే. లేచి నిలబడితే ఒంటి బరువు మళ్లీ పడుతుంది, ఆ ఎడం పోతుంది. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలిచ్చే నైస్ సంస్థ 2016లోనే నడుము నొప్పికీ సయాటికాకీ (నడుము నుంచి కాల్లోకి దిగే నరం నొప్పి) ట్రాక్షన్ వద్దంది, బెల్టులూ వద్దంది. దీర్ఘకాలపు నడుము నొప్పి మీద 2023 డిసెంబర్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన మార్గదర్శకాలూ ట్రాక్షన్‌నీ బెల్టులనీ వద్దనే అన్నాయి.

మరి వాళ్ల గోడ మీద ‘ముందు-తర్వాత’ ఎంఆర్‌ఐలు? మోసం అక్కడే ఉంది. డిస్క్ వల్ల వచ్చే కాలు లాగుడు చాలామందిలో ఆరు నుంచి పన్నెండు వారాల్లో దానంతటదే తగ్గుముఖం పడుతుంది. బయటికి పొడుచుకొచ్చిన ముక్కని ఒళ్లే కరిగించుకుంటుంది, చిన్న ఉబ్బుల కంటే తెగి బయటపడ్డ పెద్ద ముక్కలే ఎక్కువగా కరుగుతాయి కూడా. వారానికి మూడు చొప్పున 20 సిట్టింగులంటే ఎన్ని వారాలు? దాదాపు ఏడు. కాలం చేసే పనికి వీళ్లు బిల్లు వేస్తారు. అసలు ‘గ్యాప్’ అనే మాటే బెదిరింపు. ఏ నొప్పీ లేనివాళ్ల స్కాన్లన్నీ కలిపి చూసి 2015లో అచ్చయిన సమీక్షలో 40 ఏళ్లవాళ్లలో సగం మందికి బల్జ్ ఉన్నట్టే తేలింది. రిపోర్టులో బల్జ్ అని రాసి ఉండటం ఒకటి, ఆ కాలు నొప్పి దానివల్లే అని పరీక్ష చేసి తేల్చడం ఇంకొకటి.

ఇవన్నీ నాకు తెలియనివి కావు, అదీ మంట. ఈ పనిలోనే ఉన్నాను. బావ రాత్రిళ్లు కూర్చునే నిద్రపోవడం చూడలేక, "పోనీ, నష్టమేముందిలే" అనుకున్నాను. 48,000 పెట్టి కొనుక్కున్న వెధవతనం.

కట్టేముందు ఇంట్లోనే చూసుకోండి: మడమల మీద పది అడుగులు నడవగలరా, ఒంటికాలి మీద మునివేళ్లపై పదిసార్లు లేవగలరా. మొదటిది కుదరకపోతే ఎల్4, ఎల్5 నరాల వైపు, రెండోది కుదరకపోతే వాటి కింది ఎస్1 నరం వైపు అనుమానం. ఆ వారంలోనే న్యూరో లేదా స్పైన్ సర్జన్‌కి చూపించండి. మూత్రం రాకుండా ఆగిపోయినా, తెలియకుండా పోయినా, కూర్చునే చోట తిమ్మిరెక్కినా అదే రోజు, అర్ధరాత్రయినా ఎమర్జెన్సీకే. జ్వరం, బరువు తగ్గడం, పడుకున్నా ఆగని నొప్పి ఉంటే ముందు ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ రక్తపరీక్షలు చేయించండి. మన దగ్గర వెన్నెముక టీబీ అరుదేం కాదు. టీబీ, గుల్లబారిన ఎముకలు, గర్భం, ఈ మూడింట్లో ఏదున్నా ఆ బల్ల ఎక్కకూడదు. ఇవేవీ లేకపోతే రోజుకి నాలుగైదుసార్లు కొద్దికొద్దిగా నడక, డాక్టర్ రాసిన మాత్ర, కాలి నొప్పి నడుము వైపు వెనక్కి జరిగే వ్యాయామాలు. ఒకటి రెండు రోజులకి మించి మంచం మీద ఉండొద్దు.

డబ్బు సంగతి: కట్టాల్సే వస్తే సిట్టింగ్‌కి సిట్టింగ్ కట్టండి. మధ్యలో ఆపితే ఏ రేటు వేస్తారో ముందే కాగితం మీద రాయించుకోండి. ఇరుక్కుంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. జిల్లా కమిషన్‌లో 5 లక్షల లోపు కేసుకి ఫీజు లేదు.

ఆ అమ్మాయి 1,500 బాకీ లెక్క వేసిన కాగితాన్ని ఫోటో తీసుకున్నాను. మొత్తం వ్యవహారంలో నేను చేసిన తెలివైన పని అదొక్కటే.