మైనేతా సైట్: ఎవరి వెంట ఎవరు పార్టీ మారతారో పట్టిస్తుందా?

అభ్యర్థుల అఫిడవిట్లను విడగొట్టి పేజీలుగా పెట్టే మైనేతాను ఎక్కువమంది ఆస్తులు, కేసులు చూడటానికే తెరుస్తారు. ఆ పనికి దాన్ని మించింది లేదు, పైగా ఉచితం. ఏడీఆర్ (అసోసియేషన్ ఫర్ డెమోక్రటిక్ రిఫార్మ్స్) సంస్థ కోర్టుకెళ్లి పోరాడితే 2002లో, 2003లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుల వల్లే ఈ వివరాలు ఓటరు చేతికొచ్చాయి. ఆ సంస్థే ఈ సైట్‌నీ నడుపుతోంది. ఇక్కడ చూడబోయేది మాత్రం వేరే సంగతి. ఎమ్మెల్యేల మధ్య ఉన్న చుట్టరికాలు, స్నేహాలు, వ్యాపార పొత్తులు వాళ్ల రాజకీయ నిర్ణయాలను ఎలా నడిపిస్తాయో తెలుసుకోవాలంటే ఈ సైట్ ఎంత దూరం తీసుకెళ్తుంది?

బంధాలకు అంత బరువు ఎందుకంటే, చట్టమే ఫిరాయింపును గుంపు వ్యవహారం చేసింది. ఫిరాయింపులను అడ్డుకోవడానికి 1985లో రాజ్యాంగంలో చేర్చిన పదో షెడ్యూలులో మూడో వంతు మంది విడిపోతే చీలికగా ఒప్పుకునేవారు. 2003 నాటి 91వ సవరణ దాన్ని తీసేసింది. ఇప్పుడు మిగిలింది మూడింట రెండు వంతుల విలీనం ఒక్కటే. 2018లో తెలంగాణలో కాంగ్రెస్‌కు 19 మంది ఎమ్మెల్యేలు. విలీనానికి 13 మంది కావాలి. నల్లగొండ ఎంపీగా గెలిచిన ఉత్తమ్ కుమార్ రెడ్డి అసెంబ్లీకి రాజీనామా చేయడంతో సంఖ్య 18కి, అవసరం 12కి దిగింది. 2019 జూన్ 6న సరిగ్గా 12 మందితో టీఆర్ఎస్‌లో విలీనం అయిపోయింది. మార్చిలో మొదటి ఇద్దరు ప్రకటించినప్పటి నుంచి ఆ సంఖ్య నిండటానికి మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలలూ ప్రతి ఎమ్మెల్యే ముందున్న ప్రశ్న ఒక్కటే: ఇంకా ఎవరెవరు వస్తున్నారు? దానికి జవాబు నమ్మకస్తుడైన తోటి ఎమ్మెల్యే దగ్గరే దొరుకుతుంది.

ఇక సైట్ దగ్గరికి వద్దాం. ఎన్నిక ఎంచుకుని, గెలిచినవాళ్ల జాబితా తెరిచి, ఒక్కో పేజీలో ఐదు చోట్ల ఆగండి: తండ్రి లేదా భర్త పేరు, వ్యక్తుల దగ్గర తీసుకున్న అప్పులు, వ్యక్తులకు ఇచ్చిన అప్పులు, కంపెనీల్లో వాటాలు, చదువు. చదువు గడిని చాలామంది దాటేస్తారు. అభ్యర్థులు అఫిడవిట్ ఇచ్చే నమూనా ఫారం 26. దాని ప్రకారం అభ్యర్థి కాలేజీ పేరు, పూర్తిచేసిన ఏడాది రాయాలి. ఒకే కాలేజీ, ఒకే ఏడాది కనిపిస్తే అది ఆస్తుల లెక్కకన్నా విలువైన ఆధారం. భూముల గడిలో గ్రామం, సర్వే నంబరు ఉంటాయి. ఇద్దరు సభ్యులకు ఒకే సర్వే నంబరులో భూమి ఉంటే రాసి పెట్టుకోండి కానీ వెంటనే పొత్తు అనుకోకండి. పెద్ద సర్వే నంబర్లు పదుల ఎకరాలు ఉంటాయి, ఒకరి మొహం ఒకరు ఎరగని యజమానులూ అందులో ఉంటారు. కొన్న తేదీ కూడా కలిస్తేనే ముందుకెళ్లండి.

అప్పుల గడిలో పేరు దొరికితే ఒరిజినల్ అఫిడవిట్‌తో సరిచూడటం తప్పనిసరి. ఎన్నికల సంఘం అఫిడవిట్ పోర్టల్‌లో స్కాన్ పీడీఎఫ్ ఉంటుంది. మైనేతాలో ఉండేది ఆ కాగితాన్ని చూసి మళ్లీ టైపు చేసింది. కొట్టివేతలు, చేత్తో రాసిన అంకెలు అసలు కాగితంలోనే కనిపిస్తాయి.

ఇప్పుడు అసలు లోటు. అప్పటి ఉమ్మడి కర్నూలు జిల్లానే తీసుకోండి. 2014లో వైసీపీ నుంచి గెలిచిన భూమా నాగిరెడ్డి (నంద్యాల), ఆ ఏడాదే ఉప ఎన్నికలో ఏకగ్రీవంగా వచ్చిన ఆయన కూతురు అఖిలప్రియ (ఆళ్లగడ్డ), కర్నూలు ఎమ్మెల్యే ఎస్.వి. మోహన్ రెడ్డి 2016లో టీడీపీలోకి వెళ్లారు. మోహన్ రెడ్డి భూమా నాగిరెడ్డికి బావమరిది, ఆయన భార్య శోభా నాగిరెడ్డికి సోదరుడు. సైట్‌లో భూమా అని వెతికితే తండ్రీకూతుళ్లు దొరుకుతారు, మూడో మనిషి దొరకడు. ఇంటిపేరు వేరు కదా. మన రాజకీయాల్లో అన్నదమ్ముల బంధమెంతో వియ్యం, బావమరిది, తోడల్లుడి బంధమూ అంతే పనిచేస్తుంది. అఫిడవిట్‌లో దానికి గడే లేదు.

ఇది సైట్ తప్పు కాదు, ఫారమే అలా ఉంది. భార్య లేదా భర్త, ఉమ్మడి కుటుంబం, ఆధారపడినవాళ్లు, అంతే. ఆధారపడినవాళ్లంటే సొంత సంపాదన లేనివాళ్లు. సంపాదించుకునే కూతురు ఆ గడిలోకి రాదు. 2024 మార్చి చివర కడియం శ్రీహరి బీఆర్ఎస్ నుంచి కాంగ్రెస్‌లో చేరినప్పుడు కూతురు కావ్య కూడా వెంట ఉన్నారు. బీఆర్ఎస్ ఇచ్చిన వరంగల్ ఎంపీ టికెట్ వదులుకుని కాంగ్రెస్ తరఫున గెలిచారు. ఒకే నిర్ణయం, రెండు పదవులు. ఇలాంటి బంధాన్ని చూపమని ఫారం అడగదు.

ఇంటిపేరు కలిసినంత మాత్రాన దారి కూడా కలుస్తుందనుకోవడం ఇంకో పొరపాటు. కోమటిరెడ్డి రాజగోపాల్ రెడ్డి 2022లో మునుగోడుకు రాజీనామా చేసి బీజేపీలోకి వెళ్తే అన్న వెంకటరెడ్డి కాంగ్రెస్‌లోనే ఉన్నారు. 2023 అక్టోబరులో తమ్ముడే తిరిగొచ్చారు. రక్తసంబంధం తీసుకెళ్లలేదు సరే, వెనక్కి రావడానికి తలుపు తెరిచి ఉంచిందా అన్నది ఆలోచించాల్సిన విషయం. పార్టీ మారిన తేదీలు మాత్రమే చూస్తే ఈ కోణం జారిపోతుంది. తిరిగొచ్చిన తేదీలకూ పట్టికలో ఒక గడి పెట్టండి.

వెతుకులాటలో ఇబ్బంది పేర్లతోనే. పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంటాయి. శ్రీనివాసులు అన్న ఒక్క పేరులోనే ‘శ్రీ’ని ఎస్-ఆర్-ఐ అని ఒకరు, ఎస్-ఆర్-ఈ-ఈ అని ఇంకొకరు రాస్తారు. ఇనీషియల్ ఒక ఎన్నికలో ముందు, మరో ఎన్నికలో వెనక. పేరుతో కాకుండా నియోజకవర్గం, తండ్రి పేరు, వయసు మూడూ కలిపి సరిపోల్చండి. కొందరి పేజీల్లో వేరే ఎన్నికల వివరాల పట్టిక కూడా ఉంటుంది. అది ఉన్నచోట పని సగం తగ్గుతుంది.

పట్టిక కట్టేటప్పుడు ఒక్కో జంటకు ఒక వరుస: ఇద్దరి పేర్లు, బంధం రకం, ఆధారం, ఏ ఏడాది అఫిడవిట్. పార్టీ మారినవాళ్లకే కడితే మోసపోతారు. ఒక జిల్లాలో వెతికితే ఎవరికి ఎవరు చుట్టం కారు? 2019లో కాంగ్రెస్‌లోనే ఆగిపోయిన ఆరుగురికీ (భట్టి, సీతక్క, శ్రీధర్ బాబు వాళ్లలోవాళ్లే) అంతే శ్రద్ధగా కట్టాలి. వెళ్లినవాళ్ల మధ్య ఉన్న ముడులు ఉండిపోయినవాళ్ల మధ్య కన్నా ఎక్కువైతేనే ఏదైనా చెప్పొచ్చు. మొదట ప్రకటించిన ఇద్దరు, పినపాక రేగా కాంతారావు, ఆసిఫాబాద్ ఆత్రం సక్కు, ఇద్దరూ ఎస్టీ రిజర్వుడు సీట్లవాళ్లే, నియోజకవర్గాలు మాత్రం దూరం దూరం. వాళ్లను కలిపింది స్నేహమా, ఒకే రకమైన పరిస్థితా? ఇంటిపేరు, సర్వే నంబరు ఆ ప్రశ్నకు జవాబివ్వవు.

ఆస్తులు, చదువు, వ్యాపార వాటాలకు మైనేతాకు ఐదుకు నాలుగున్నర ఇవ్వొచ్చు. చుట్టరికాలకు ఒకటిన్నర దాటదు. ఆ ఖాళీ నింపడానికి ఎంపీలైతే లోక్‌సభ సైట్‌లోని బయోడేటా చూడండి, అందులో తల్లిదండ్రులు, జీవిత భాగస్వామి పేర్లుంటాయి. ఎమ్మెల్యేలకైతే జిల్లా ఎడిషన్ల పాత పేపర్లే దిక్కు. పెళ్లి ఫొటో కింద రాసిన నాలుగు పేర్లలో వియ్యంకులెవరో దొరుకుతుంది. ఆ పేపరు తేదీ కూడా వరుసలో రాసుకోండి, ఎందుకంటే వియ్యం పార్టీ మారడానికి ముందు కుదిరిందా, తర్వాతా అన్నది తేల్చేది ఆ తేదీయే.