ప్లగ్‌లో ఒకలా, బ్యాటరీ మీద ఒకలా: లాప్‌టాప్ పవర్ సెట్టింగ్‌లతో నా అనుభవం

ఒడిశా పర్లాకిమిడిలో లెక్కలు రాసే చిన్న ఆఫీసు నాది. టాలీ, జీఎస్టీ రిటర్నులు, మధ్యమధ్యలో ఒడియా, తెలుగు డీటీపీ. ఆఫీసులో ఉన్నంతసేపూ లాప్‌టాప్ ప్లగ్‌లోనే ఉంటుంది. కాశీనగర్ వైపో, బోర్డరు దాటి పాతపట్నం వైపో కొట్లకు వెళ్లినప్పుడు బ్యాటరీయే దిక్కు. విండోస్ 11లో ఈ రెండింటికీ వేర్వేరు సెట్టింగ్‌లు పెట్టుకుని కొన్నేళ్లుగా వాడుతున్నాను.

అన్నిటికన్నా పనికొచ్చింది ఛార్జింగ్ లిమిట్. ఇది విండోస్‌లో కాదు, లాప్‌టాప్ కంపెనీ ఇచ్చే యాప్‌లో ఉంటుంది. లెనోవోకి వాంటేజ్, ఆసుస్‌కి మై ఆసుస్. కొన్నింటికి బయోస్‌లోకి, అంటే లాప్‌టాప్ ఆన్ అవుతుండగా విండోస్ కన్నా ముందు తెరుచుకునే సెట్టింగ్‌లలోకి వెళ్లాలి. లిథియం అయాన్ బ్యాటరీ త్వరగా ముసలిదయ్యేది నిండా ఛార్జ్‌తో, వేడిలో రోజులకు రోజులు ఉన్నప్పుడే. మన ఆఫీసుల్లో మే నెలలో జరిగేది సరిగ్గా అదే. అందుకే 80 శాతం దగ్గర ఆపేశాను.

"కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని ఊళ్లో 80 దగ్గర ఆపడమేంటి గురువుగారూ?" అని పక్క జిరాక్స్ షాపు కుర్రాడు ఇప్పటికీ అడుగుతాడు. మామూలు కోతలకు 80 చాలు. తుపాను సంగతి వేరు. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు మన గజపతి జిల్లా ఎలా అతలాకుతలమైందో చూశాం కదా. తుపాను కబురు రాగానే లిమిట్ తీసేసి వందకు ఎక్కిస్తాను. గాలివాన తగ్గాక మళ్లీ 80.

బ్యాటరీ ఎంత అరిగిందో చూడాలంటే కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ అని కొట్టి, ఒక స్పేస్ వదిలి, స్లాష్ పెట్టి బ్యాటరీరిపోర్ట్ అని కలిపి కొట్టండి (powercfg /batteryreport). తయారయ్యే ఫైల్‌లో డిజైన్ కెపాసిటీ పక్కన ఫుల్ ఛార్జ్ కెపాసిటీ ఉంటుంది. ఆ రెండు అంకెల మధ్య ఎంత దూరం ఉంటే అంత అరిగినట్టు.

ఇక మూత మూసినప్పటి సంగతి. ఈ కాలం లాప్‌టాప్‌లు చాలావాటికి స్లీప్ అంటే పూర్తి నిద్ర కాదు, కోడి కునుకే. బ్యాగులో పెట్టి బస్సెక్కితే దిగేసరికి లోపల వేడెక్కి ఉంటుంది, ఛార్జ్ తగ్గి ఉంటుంది. బ్యాటరీ మీద మూత మూస్తే హైబర్నేట్ అయ్యేలా కంట్రోల్ ప్యానెల్‌లో మార్చాను. తెరిచి ఉన్నదంతా డిస్క్‌లో దాచి మెషీన్ పూర్తిగా ఆగుతుంది. మళ్లీ తెరిస్తే కొన్ని సెకన్లు ఎక్కువ పడుతుంది, నాకు పర్లేదు. ప్లగ్‌లో మాత్రం మూత మూసినా ఏమీ చేయొద్దని పెట్టాను, పెద్ద మానిటర్‌తో పని కాబట్టి.

పవర్ మోడ్ గురించి జనం చెప్పుకునేంత లేదు. ప్లగ్‌లో బెస్ట్ పెర్ఫార్మెన్స్, బ్యాటరీ మీద బెస్ట్ పవర్ ఎఫిషియెన్సీ పెట్టాను. టాలీకి ఏదైనా ఒకటే. స్క్రీన్ వెలుతురు తగ్గిస్తే మిగిలినంత ఛార్జ్ నాకు ఈ మోడ్‌లతో మిగల్లేదు. పాత పవర్ ప్లాన్‌లో ప్రాసెసర్ మాక్సిమమ్ స్టేట్ 99 శాతం చేస్తే టర్బో (ప్రాసెసర్ అవసరమైనప్పుడు మామూలు కన్నా వేగం పెంచుకోవడం) ఆగి ఫ్యాన్ మోత తగ్గుతుంది. కొత్త లాప్‌టాప్‌లు చాలావాటిలో ఆ ఆప్షన్ కనబడదు. సగం సెట్టింగ్‌లు కొత్త పేజీలో, సగం పాత కంట్రోల్ ప్యానెల్‌లో ఉండటం ఇప్పటికీ విసుగే.

ఎనర్జీ సేవర్‌ని 30 శాతం దగ్గర ఆన్ అయ్యేలా పెట్టుకున్నాను. స్క్రీన్ మసకబారుతుంది, ఎదురుగా కూర్చున్న షావుకారు "ఆగిపోయిందేటి బాబూ?" అని కంగారుపడతారు.

లో వోల్టేజ్ గురించి అంత టెన్షన్ అక్కర్లేదు. అడాప్టర్ మీద చూడండి, ఇన్‌పుట్ 100 నుంచి 240 వోల్టుల దాకా అని ఉంటుంది. జనరేటరు వేసేటప్పుడు వచ్చే కుదుపు కోసం మాత్రం సర్జ్ ప్రొటెక్టర్ ఉన్న బోర్డు వాడుతున్నాను.

ఇన్ని చేసినా కరెంటు పోతే రౌటర్ ఆగిపోతుంది. రిటర్ను సగంలో ఉండగా ఫోన్ హాట్‌స్పాట్ వెతుక్కోవలసిందే. రౌటర్లకు పెట్టే చిన్న యూపీఎస్ ఒకటి కొనాలి.