వెబ్ డేటాబేస్ టూల్ కొంటున్నారా? కాలమ్‌ల వరుస ఎక్కడ దాస్తుందో అడిగాకే డబ్బు కట్టండి

గుంటూరు దగ్గర ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో లెక్కలు చూస్తాను. ఎక్సెల్ ఫైళ్లతో వేగలేక, పోయిన సీజన్‌లో బ్రౌజర్‌లోనే నడిచే ఒక డేటాబేస్ టూల్‌కి ఏడాది చందా కట్టాం. పేరు చెప్పను, గొడవలొద్దు. డెమోకి వచ్చిన కుర్రాడు కాలమ్‌ని మౌస్‌తో పట్టి ఇటు నుంచి అటు లాగి, "మీరు ఎలా సర్దుకుంటే అలాగే ఉంటుంది సార్" అన్నాడు. ఉంది కూడా, అతని ల్యాప్‌టాప్‌లో.

మా గుమాస్తా గేటు చీటీలో ఉన్నట్టే సర్దుకున్నాడు: లాట్ నంబరు, రైతు పేరు, ఊరు, టిక్కీలు (మిర్చి బస్తాలు), బరువు, గది. అసలు టేబుల్‌లో మాత్రం బరువు ముందు, టిక్కీలు తర్వాత. నాలుగు రోజులు బాగానే నడిచింది. ఐదో రోజు పొద్దున తెరిచేసరికి వరుస మళ్లీ మొదటికొచ్చింది. అతను చూసుకోలేదు. ఎక్సెల్‌లోంచి 40 లైన్లు కాపీ కొట్టి పేస్ట్ చేశాడు. రెండూ అంకెలే కదా, టూల్ కిక్కురుమనకుండా మింగేసింది. 62 టిక్కీలు, 2,604 కేజీలు దించిన రైతుకి 2,604 టిక్కీలు, 62 కేజీలని రసీదు వెళ్లింది. ఆయన మంచివాడు కాబట్టి "మా ఊరంతా కోసినా ఇన్ని రావు బాబూ" అని నవ్వుతూ వెనక్కి తెచ్చిచ్చాడు. మిగతా 39 సరిచేయడానికి మాకు రెండు రాత్రులు పట్టింది.

సపోర్ట్‌కి ఫోన్ చేస్తే అప్పుడు తేలింది. ఆ వరుసని సర్వర్‌లో మన లాగిన్ కింద దాచరట, బ్రౌజర్ లోకల్ స్టోరేజ్‌లో, అంటే ఆ కంప్యూటర్‌లోనే బ్రౌజర్ దాచుకునే చోట, పడేస్తారట. ముందు రోజు రాత్రి మావాడొకడు బ్రౌజర్ డేటా మొత్తం క్లియర్ చేశాడు, దాంతో ఇదీ పోయింది. క్లియర్ చేయకపోయినా, సైటు అడ్రసు మొదట్లో ఉండే హెచ్‌టీటీపీ కాస్తా హెచ్‌టీటీపీఎస్‌కి మారితే చాలు, బ్రౌజర్ లెక్కలో అది వేరే సైటే, పాత వరుస అక్కడ కనపడదు.

పరిష్కారం అడిగితే "టేబుల్‌లోనే కాలమ్ జరిపేస్తాం" అన్నారు. వద్దన్నాను. అలా చేస్తే అందరికీ మారుతుంది, పైగా కాలమ్ పేర్లు రాయకుండా డేటా ఎక్కించే పాత క్వెరీలు (డేటాబేస్‌కి రాసిపెట్టిన ఆదేశాలు) ఉంటే అవి కూడా అడ్డదిడ్డంగా పోతాయి.

ఉచితంగా దొరికే డేటాబేస్ టూల్ పీహెచ్‌పీమైఅడ్మిన్‌లో ఈ పనికి విడిగా ఒక టేబుల్ ఉంటుంది, ఏ యూజర్ ఏ టేబుల్‌ని ఎలా సర్దుకున్నాడో అందులో రాసిపెడుతుంది. అయితే దాని కాన్ఫిగరేషన్ స్టోరేజ్ (ఇలాంటివి దాచుకునే టేబుళ్లు) మనం సెట్ చేసుకోవాలి, లేదంటే ఆ సెషన్ వరకే, అంటే లాగవుట్ అయ్యేదాకే గుర్తుంటుంది. ఇంత డబ్బు పోసి కొన్నదానిలో ఆపాటి కూడా లేకపోవడమే నాకు మంట.

కాబట్టి ట్రయల్ ఇచ్చినప్పుడే ఒక కాలమ్ జరిపి, లాగవుట్ అయి, అదే లాగిన్‌తో ఇంకో కంప్యూటర్‌లో తెరవండి. తర్వాత పక్కవాళ్ల లాగిన్‌తో తెరిచి, మీ వరుస వాళ్లకి అంటుకుందేమో చూడండి. కొత్త కాలమ్ ఒకటి చేర్చి మళ్లీ చూడండి, చాలా టూళ్లు తడబడేది అక్కడే.

డబ్బు వెనక్కి ఇవ్వం, చందా అయ్యేదాకా వాడుకోండి అన్నారు. ప్రస్తుతానికి మా గుమాస్తా మానిటర్ అంచున తెల్ల కాగితం అంటించాడు: "పేస్ట్ చేసే ముందు పైన చూడు. ముందు టిక్కీలు, తర్వాత కేజీలు."