పాత ఫొటోలు బాగుచేసే స్టూడియో: మొదటి కాపీకే తల ఊపకండి

తిరుపతి గాంధీ రోడ్డును ఆనుకున్న ఒక సందులో పాత ఫొటోలు బాగుచేసే స్టూడియో ఉంది. పనితనం ఉంది, కానీ అడిగి చేయించుకోవాలి. ఊరుకుంటే ముఖాలన్నీ మైనపు బొమ్మల్లా నున్నగా చేసి చేతిలో పెడతారు. చాలామంది మురిసిపోయి పట్టుకెళ్తున్నారు కూడా.

నేనిచ్చింది చంద్రగిరి కోటలో రాజమహల్ ముందు అమ్మ, పెద్దమ్మ నిలబడ్డ రంగుల ఫొటో. తీసినవారి చెయ్యి కదిలి అంతా అడ్డంగా సాగినట్టు మసక. పైగా ఆ రోజుల్లో మోజు పడి వేయించుకునే గరుకు కాగితం. దాని మీది సన్నని నొక్కులు స్కానర్ వెలుగులో ఒక్కొక్కటీ ఒక్కో మెరుపు చుక్క అవుతాయి.

మొదటి కాపీలో రాజమహల్ కమానులు చక్కగా తేలాయి. అమ్మ వెంకటగిరి చీర మీది జరీ బుటాలు మాత్రం లేవు! వట్టి పచ్చ గుడ్డ. బొట్టు చుట్టూ సన్నని నీలి గీత ఒకటి అదనం.

డిగ్రీ విద్యార్థులకు లెక్కలు చెప్పేదాన్ని కాబట్టి ఏ పద్ధతి వాడారని అడిగాను. కంప్యూటర్ ముందున్న కుర్రాడు విసుక్కోకుండా తెర నా వైపు తిప్పాడు. టోటల్ వేరియేషన్. 1992లో రూడిన్, ఓషర్, ఫతేమీ ప్రతిపాదించిన పద్ధతి. బొమ్మలోని పక్కపక్క చుక్కల (పిక్సెళ్ల) మధ్య తేడాలన్నీ కూడితే వచ్చే మొత్తాన్ని, అసలు బొమ్మకు మరీ దూరం పోకుండా, వీలైనంత తగ్గిస్తుంది. గోడ అంచు దగ్గర వెలుగు ఒక్కసారే మారుతుంది, ఆ ఖర్చును అది భరిస్తుంది. బుటాల దగ్గర అడుగడుగునా పెరిగి తగ్గుతుంది, అందుకని మచ్చలతో పాటు వాటినీ తుడిచేస్తుంది. ఈ చిక్కుకు 2001లో గణితవేత్త ఈవ్ మేయర్ ఒక దారి చూపించాడు: బొమ్మను ఆకారాలు ఒక పొర, నేత లాంటి సన్నని అల్లిక ఇంకో పొరగా విడదీసి, రెండో పొరను వేరే కొలతతో కొలవడం. కుర్రాడి సాఫ్ట్‌వేర్‌లో ఆ రెండో పొరకూ ఒక మీట ఉంది. దాన్ని సున్నా దగ్గరే వదిలేశాడు.

మీట పెంచితే బుటాలతో పాటు కాగితం నొక్కులూ తిరిగి వస్తాయి. అసలు పనితనం కనిపించింది ఇక్కడే. ఫొటోను తలకిందులుగా తిప్పి మళ్లీ స్కాన్ చేశాడు. వెలుగు ఎదుటి పక్క నుంచి పడి నొక్కుల నీడలు అటుదిటు అయ్యాయి, రెండు స్కాన్ల సగటు తీస్తే చాలావరకు పోయాయి. మిగిలినవి ఫూరియర్ చిత్రంలో (బొమ్మలో ఏ అల్లిక ఎంత దగ్గరదగ్గరగా తిరిగి తిరిగి వస్తుందో చూపే పటంలో), క్రమం తప్పని అల్లిక కాబట్టి, విడివిడి తెల్ల చుక్కలుగా నిలిచాయి. వాటిని ఒక్కొక్కటిగా చేత్తో చెరిపాడు. బుటాలు తగలకుండా ఎంత నింపాదిగా చెరిపాడో!

నీలి గీతకు కారణం ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల పొరలను దేనికది బాగుచేయడం. అలా చేస్తే మూడింటి అంచులు ఒకచోట కలవవు. మూడింటినీ కలిపి చూసే పద్ధతి 1998 నుంచీ, బ్లామ్‌గ్రెన్, చాన్‌ల పుణ్యమా అని, ఉంది. అదీ నేను అడిగాకే వాడారు. అడగనివారి గతి?

పెద్దమ్మ కనురెప్పలు మాత్రం రాలేదు. "అవి ఈ ఫొటోలో లేవు మేడమ్. కావాలంటే ఏఐతో గీయించి పెడతాను, మీ పెద్దమ్మగారివేనని మాత్రం చెప్పలేను" అన్నాడు. నిజమే. చెయ్యి అడ్డంగా కదిలినప్పుడు కొన్ని పౌనఃపున్యాలు, అంటే వెలుగు పెరిగి తగ్గే కొన్ని లయలు, పూర్తిగా సున్నా అయిపోతాయి. మసక తీయడమంటే లెక్కలో భాగించడమే, సున్నాతో భాగించి వెనక్కి తెచ్చుకోలేం. వద్దన్నాను. ఆ ఒక్క మాటకే ఈ స్టూడియోకు ఇంకో ఫొటో ఇస్తాను.

మామూలు పనికి రూ.800, ఇలా చేత్తో చేయిస్తే రూ.1,500. రసీదు అడిగితే గానీ ఇవ్వరు. కూర్చోవడానికి ఒకటే స్టూలు. బ్రహ్మోత్సవాల రోజుల్లో ఆ సందులోకి అడుగు పెట్టలేరు. ఇంట్లో నెగటివ్ దొరికితే అదే తీసుకెళ్లండి, కాగితం నొక్కుల బెడద ఉండదు.