మా నాయన వెబ్లీ డబుల్ బ్యారెల్: ఇరవై ఏళ్ళు వాడినాక, పగిలిన తుపాకీకి న్యాయమైన రేటు ఎంత?

మాది మదనపల్లె పక్క పల్లె, చెనిక్కాయ, టమాటా. అడవిపందులు రాత్రి దిగితే తెల్లారేసరికి చేను దున్నేసినట్టుంటుంది, అందుకే మా నాయన 1966లో పన్నెండు బోరు డబుల్ బ్యారెల్ మద్రాసులో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. ఇంగ్లండు బర్మింగ్‌హామ్‌లో చేసిన వెబ్లీ అండ్ స్కాట్, బాక్స్‌లాక్ (పేల్చే యంత్రం బ్యారెల్ వెనక ఇనుప పెట్టెలో ఉండే రకం), రెండు ట్రిగ్గర్లు, మూడు కిలోలకు కాస్త అటూ ఇటూ. 2003లో నాయన పోయినాక వారసుడిగా లైసెన్సు నా పేరు మీదికి వచ్చింది, అప్పటి నుంచి నేనే వాడతాండా. వాడకం అంటే నూటికి తొంభై సార్లు గాల్లోకి ఒక దెబ్బ, పందులు పరుగో పరుగు, అంతే.

ముందు తుపాకీ గురించి చెప్పేస్తా. భుజానికి ఆనిచ్చినప్పుడు కూర్చునే తీరు ఇంకే తుపాకీలోనూ చూళ్ళేదు నేను, మా ఊళ్ళో ఇంకొకాయనకు మనదేశం డబుల్ బ్యారెల్ ఉంది, అది ఎత్తితే గడ్డపార ఎత్తినట్టే ఉంటుంది. ఇరవై ఏళ్ళలో ఒక్కసారి కూడా తూటా మిస్‌ఫైర్ అయింది లేదు, స్ప్రింగులు ఇప్పటికీ ఒరిజినల్. మైనస్ ఏందంటే మెయింటెనెన్స్, వానాకాలం వారానికోసారి నూనె గుడ్డ పెట్టకపోతే అలిగేస్తుంది, పాత ఇనుము కదా.

ఇప్పుడు అసలు విషయం. పోయిన సంవత్సరం నేనూ మా అన్నా ఆస్తి పంచుకున్నాం. పొలం, ఇల్లు అన్నీ సాఫీగా అయిపోయినాయి, ఈ తుపాకీ దగ్గర ఆగిపోయింది. అన్న బెంగుళూరులో ఉంటాడు, లైసెన్సు లేదు, కాబట్టి తుపాకీ నాకే, సగం డబ్బు ఆయనకు. ఎంతకు సగం? అన్న "ఒరే, అది వెబ్లీరా, రెండు లక్షలకు తక్కువ లేదు" అంటాడు. నేను తీసుకుపోయి చూపించిన షాపాయన పక్కకు తిప్పి బట్ (భుజానికి ఆనించే చెక్క) చీలిక చూసి, గొట్టంలో ఒక కన్ను పెట్టి, "పాతిక వేలు, పేపర్లు మీరే చూసుకోవాల" అన్నాడు. రెండు లక్షలకూ పాతిక వేలకూ మధ్య ఎంత దూరం ఉందో చూడండి.

అన్న చెప్పే దాంట్లో కూడా కొంచెం న్యాయం ఉంది. ఎనభైల్లో బయటి తుపాకుల దిగుమతి ఆగిపోయింది, వెబ్లీ వాళ్ళు 1979లోనే షాట్‌గన్లు చేయడం మానేసినారు, కాబట్టి దేశంలో ఉన్నవే ఉన్నవి, మంచి కండిషన్‌లో ఉంటే పేరుకే డబ్బులు పెడతారు. కానీ కొనేవాడికి లైసెన్సు ఉండాల, అందులో ఖాళీ ఉండాల. 2019లో చట్టం మార్చి ఒక మనిషికి మూడు తుపాకులు ఉండొచ్చన్నది రెండుకు తగ్గించినారు, మూడోది ఏడాది లోపల అప్పగించమన్నారు, ఆ పాత డబుల్ బ్యారెల్స్ అన్నీ షాపుల్లోకి వచ్చి పడినాయి. బంగారంలాగా రేటు బోర్డు ఉండదు దీనికి.

దెబ్బలు మూడు. ఒకటి, బట్ మెడ దగ్గర చీలింది, ట్రాక్టర్ ట్రాలీలోంచి దిగుతా నేనే జారవిడిచినా. రెండు, 2019 ఎలక్షన్లప్పుడు తుపాకులు అప్పగించమంటే మార్చిలో డిపాజిట్ చేస్తే మే ఆఖర్లో చేతికొచ్చింది, లోపల రెండు గొట్టాల్లో తుప్పు, ఎక్కడ పెట్టింది ఏమనేది వద్దులే, నూనె రాసి ఇచ్చినా గుడ్డ కూడా చుట్టలేదు వాళ్ళు. మూడోది తర్వాత చెప్తా.

ఎవరో చెప్తే, లైసెన్సు ఉన్న షాపులో నలభై ఏళ్ళు పని చేసిన ముసలి మేస్త్రీ ఒకాయన దగ్గరికి పోయినాం, అన్న కూడా వచ్చినాడు. ఆయన పేరు, నగిషీ ఏమీ చూళ్ళేదు. ముందు భాగం చెక్క తీసేసి బట్ పట్టుకుని అట్లా ఊపినాడు, టక్ టక్ అని సన్నగా శబ్దం వచ్చింది. తర్వాత బీడీ కట్ట మీది పల్చటి కాగితం చించి బ్యారెల్‌కీ వెనక పలకకీ మధ్య పెట్టి మూసినాడు, లాగితే సులువుగా వచ్చేసింది. "వదులైందప్పా" అన్నాడు. ఆ తర్వాత బ్యారెల్స్ జతను బట్ నుంచి విడదీసి, కింది కొక్కేన్ని వేలికి తగిలించుకుని వేలాడదీసి, గోటితో కొట్టినాడు. గుడి గంట మాదిరి మోగింది, ఆగకుండా మోగతానే ఉంది, ఆయన కళ్ళు మూసుకుని వింటాన్నాడు. రెండు గొట్టాల మధ్య అతుకు ఊడింటే బర్రుమంటుందంట, ఇది సుద్ధంగా ఉంది. నాకైతే ఆ శబ్దానికే సగం టెన్షన్ పోయింది.

తర్వాత అడుగున ముద్రలు చూపించినాడు. కిరీటం కింద బీఎన్‌పీ, పక్కన 3 టన్నులు, రెండున్నర అంగుళాలు, .729. కిరీటం బీఎన్‌పీ అంటే బర్మింగ్‌హామ్‌లో పొగలేని మందుతో ప్రూఫ్ చేసింది, అంటే మందు ఎక్కువ పెట్టి కాల్చి గట్టితనం పరీక్షించింది, టన్నుల ముద్ర (ప్రెషర్ లెక్క) 1954 తర్వాత వేసేది, కాబట్టి నాయన కొనేటప్పటికి మరీ ముసలిదేం కాదు. .729 అనేది ముద్ర వేసిన రోజు గొట్టం లోపలి కొలత, అంగుళాల్లో. ఇప్పుడెంతుందో గేజ్ పెట్టి కొలిచినాడు, కుడిది .733, ఎడమది .736. తుప్పు గుంతలు పోవాలని లోపల గీకి పాలిష్ చేస్తే గొట్టం పెద్దదై గోడ పల్చనైతుంది, వెయ్యోవంతు లెక్కన పది పెరిగితే ప్రూఫ్ పోయినట్టే, అంటే ఎడమదానికి ఇంకో మూడే మిగిలుంది. షాపాయన "పాలిష్ చేయించండి, మెరుస్తుంది, రేటొస్తుంది" అన్నాడు చూడండి, చేయించింటే మెరిసే తుక్కు అయ్యేది! గుంతలు అట్లే ఉండనీ, నూనె పెట్టుకో అన్నాడు మేస్త్రీ.

ఆ లెక్కంతా విన్నాక రేటు పేరులో లేదు, బట్‌లోనూ లేదు, గొట్టం మందంలో ఉందని అర్థమైంది. బట్ చీలితే అక్రోట్ చెక్కతో కొత్తది వేస్తాడు, 14 వేలు అడిగినాడు. వదులు బిగించడానికి 4 వేలు. గొట్టం పోతే మాత్రం ఏ మేస్త్రీ ఏం చేయలేడు. మంచి కండిషన్ వెబ్లీ ఆయన పని చేసిన షాపులో లక్షా ముప్పైకి పోయిందంట, మాది ఎడమ గొట్టం అంచుకొచ్చింది కాబట్టి రిపేర్లతో కలిపి సగానికి పైన కోత, ఉన్నది ఉన్నట్టు 58 వేలు అన్నాడు. నాకు న్యాయమే అనిపించింది.

అన్న ఒప్పుకోలేదు. "బట్ పగలగొట్టింది నువ్వు, దానికి నా వాటాలో కోత ఎందుకురా" అన్నాడు. ఆలోచిస్తే కరెక్టే, మార్కెట్లో కొనేవాడికి ఎవరు పగలగొట్టినా ఒకటే, అన్నదమ్ముల మధ్య ఒకటి కాదు. తుప్పు మాత్రం ఇద్దరిదీ. సరే అని 58కి 14 కలిపి 72, సగం 36 వేలు అనుకున్నాం.

ఇంక మూడో దెబ్బ. ఈ తుపాకీ చాంబర్, అంటే తూటా కూర్చునే చోటు, రెండున్నర అంగుళాలు, అంటే 65 మిల్లీమీటర్ల తూటా. ఒక సంవత్సరం 65 దొరక్క 70 డబ్బా తెచ్చి రెండు సీజన్లు వాడినా, పెట్టేటప్పుడు చక్కగా పడుతుంది, పేలినాక మూతి విప్పుకునేటప్పుడు చోటు చాలదు, ప్రెషర్ పెరుగుతుంది. భుజం వాచేది, తూటా మంచిది అనుకునేవాణ్ణి. ఆ వదులు అప్పుడొచ్చిందే అని, మా అన్న టీ తాగను బయటికి పోయినప్పుడు, మేస్త్రీ నాకు చెప్పినాడు. మీరు పాతది కొంటా ఉంటే చాంబర్ కొలత చూసుకోకుండా ఒక్కటి కూడా కాల్చొద్దు.

అన్నకు ఫోన్‌పేలో 38 వేలు కొట్టినా. వెంటనే ఫోన్, "36 కదరా?" అని. ఉంచుకోన్నా అని పెట్టేసినా.